పవర్ బ్యాంకు వెనకున్న ఆర్ నంబరు: సరుకు దింపుకునే ముందు ఎలా సరిచూసుకోవాలి

గుంటూరు అరండల్‌పేటలో మాది చిన్న మొబైల్ యాక్సెసరీస్ షాపు. రెండేళ్ల కిందట ఎండాకాలం మొదట్లో విజయవాడ వెళ్లి, ఒక హోల్‌సేల్ షాపులో నలభై పవర్ బ్యాంకులు ఎత్తుకొచ్చాను. డబ్బా శుభ్రంగా ఉంది, బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) గుర్తుంది, దాని కింద ఆ సంస్థ ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబరు, అదే ఆర్ నంబరుంది, ధర కూడా అనుమానం వచ్చేంత తక్కువేం కాదు. నాలుగో రోజు ఒక ఇంజినీరింగ్ కుర్రాడు కొనడానికొచ్చి, డబ్బా తిప్పి చూసి, ఆ నంబరు అక్కడే తన ఫోన్లో కొట్టి, "అంకుల్, ఇది ఎల్ఈడీ బల్బుల కంపెనీదండీ, పవర్ బ్యాంకుది కాదు" అని స్క్రీన్ నా ముందు పెట్టాడు. నిజమే. నంబరు అసలైనదే, కాకపోతే వేరే రాష్ట్రంలో వేరే కంపెనీ తన బల్బుల కోసం తీసుకున్నది. దాన్ని తెచ్చి ఈ డబ్బా మీద ఎవరో అచ్చేసుకున్నారు.

అప్పటిదాకా నేనూ అందరిలాగే గుర్తు ఉందా లేదా అన్నంత వరకే చూసేవాణ్ణి. ప్రెస్సుకెళ్తే ఆ గుర్తు ఎవడికైనా వేసిస్తారు. ఆ నంబరు ఎవరి పేరు మీద, ఏ వస్తువు కోసం, ఏ ఫ్యాక్టరీకి ఇచ్చారో చూస్తే తప్ప అసలు సంగతి బయటపడదు. చూడటానికి పట్టేది రెండు నిమిషాలే. ఇది మాలాంటి చిన్న షాపుల వాళ్ల కోసం, ఇంట్లో ఎల్ఈడీ బల్బులు బిగించి అమ్మేవాళ్ల కోసం రాస్తున్నాను. ఇంటికి ఛార్జర్ కొనుక్కునేవాళ్లకూ సగం పనికొస్తుంది.

ఏ సరుకుకు ఏ గుర్తు ఉండాలి

కొన్ని వస్తువులకు బీఐఎస్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి అంటూ కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ 2012లో ఒక ఆర్డరు ఇచ్చింది. మొదట టీవీలు, ల్యాప్‌టాప్‌లు, ప్రింటర్లు లాంటి 15 రకాల వస్తువులకే. 2014లో మొబైల్ ఫోన్లు, పవర్ బ్యాంకులు, లిథియం బ్యాటరీలు, ఎల్ఈడీ లైట్లు వగైరా చేర్చారు, తర్వాత స్మార్ట్ వాచీలు, వైర్‌లెస్ ఇయర్‌ఫోన్లు కూడా వచ్చిపడ్డాయి. 2021లో పాత ఆర్డరు స్థానంలో కొత్తది వచ్చింది. పద్ధతి మాత్రం అదే: తయారీదారు తన వస్తువును బీఐఎస్ గుర్తించిన ల్యాబులో టెస్టు చేయించాలి, ఆ రిపోర్టు చూపించి రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. అప్పుడిచ్చేదే 'ఆర్' అక్షరం, గీత, ఆ తర్వాత ఎనిమిది అంకెల నంబరు. గుర్తుకు పైన ఐఎస్ నంబరు (ఆ వస్తువుకు వర్తించే భారతీయ ప్రమాణం నంబరు), కింద ఆర్ నంబరు ఉంటాయి.

ఛార్జర్లు, అడాప్టర్లు, పవర్ బ్యాంకులు, మొబైళ్లు, ల్యాప్‌టాప్‌లకు ఇన్నాళ్లూ ఐఎస్ 13252 (పార్ట్ 1). టీవీలు, స్పీకర్లు, వైర్‌లెస్ ఇయర్‌ఫోన్లకు ఐఎస్ 616. ఈ రెంటి బదులు ఐఎస్/ఐఈసీ 62368-1 అనే ఒకే ప్రమాణం వచ్చింది, కాబట్టి కొత్త స్టాకు మీద అది కనిపిస్తే కంగారు పడొద్దు. లిథియం సెల్లులకు, విడిగా అమ్మే ఫోన్ బ్యాటరీలకు ఐఎస్ 16046. ఎల్ఈడీ బల్బుకు ఐఎస్ 16102, లైటు ఫిట్టింగులకు ఐఎస్ 10322, లోపలుండే డ్రైవరు (ఎల్ఈడీకి కరెంటు అందించే సర్క్యూటు) విడిగా అమ్మితే ఐఎస్ 15885. ఇవన్నీ బట్టీ పట్టక్కర్లేదు. పవర్ బ్యాంకు మీద 16102 కనిపిస్తే ఎక్కడో తేడా కొట్టిందని తట్టాలి, అంతవరకు చాలు. ఆ రోజు నాకు తట్టలేదు.

వైర్లు, స్విచ్చులు, ప్లగ్గులు, సాకెట్లు, ఇస్త్రీ పెట్టెలు, నీళ్లు కాచే రాడ్లు, గీజర్లు వేరే లెక్క. వీటికి ఆర్ నంబరు ఉండదు, ఐఎస్ఐ మార్కు ఉండాలి, దాని కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉండాలి. ఆర్ నంబరు ల్యాబు రిపోర్టును ఆధారం చేసుకుని తయారీదారే 'నా సరుకు ప్రమాణానికి తగ్గట్టుంది' అని చెప్పుకునే పద్ధతి. ఐఎస్ఐలో బీఐఎస్ వాళ్లు ఫ్యాక్టరీకి వెళ్లి చూశాకే లైసెన్సు ఇస్తారు. ఒక్క నంబరూ లేకుండా ఉత్త ఐఎస్ఐ బొమ్మ మాత్రమే ఉన్న నీళ్ల రాడ్డు ఎవరైనా చేతిలో పెడితే, తీసుకోకుండా అక్కడే పెట్టేసి వచ్చేయండి. అది నేరుగా నీళ్లలోకి దిగే వస్తువు.

సీఈ గుర్తు గురించి ఒక మాట. హోల్‌సేల్ కుర్రాళ్లు "అన్నా, సీఈ ఉంది, యూరప్ క్వాలిటీ" అంటారు. అది యూరప్ మార్కెట్లో అమ్మడానికి తయారీదారు వేసుకునే గుర్తు, చాలా వస్తువులకు వాడే ప్రకటించి వాడే వేసుకుంటాడు. ఇక్కడ అది బీఐఎస్ రిజిస్ట్రేషన్‌కు బదులు కాదు. ఐఎస్ఓ 9001 అని వేసుంటే అది కంపెనీ పనిచేసే పద్ధతికి సంబంధించింది, మీ చేతిలో ఉన్న ఛార్జరు షాకు కొడుతుందో లేదో దానికేం తెలియదు.

నంబరు సరిచూడటం

బీఐఎస్ కేర్ అనే యాప్ ఫోన్లో వేసుకోండి, ఉచితమే. అందులో ఆర్ నంబరు సరిచూసే చోటు ఒకటి, ఐఎస్ఐ లైసెన్సు సరిచూసే చోటు ఇంకొకటి, బంగారం హాల్‌మార్క్ కోసం మరొకటి ఉంటాయి. ఆర్ నంబరును లైసెన్సుల దగ్గర కొట్టి "నంబరే దొరకట్లేదు, ఇది దొంగ మాల్" అని హోల్‌సేలరుతో గొడవ పెట్టుకున్నవాళ్లు నాకు తెలుసు, కాబట్టి సరైన చోటే కొట్టండి.

నంబరు కొట్టగానే కంపెనీ పేరు కనిపిస్తుంది, చాలామంది 'హమ్మయ్య, ఉంది' అని అక్కడే ఆపేస్తారు. ఆపొద్దు. ముందు ఏ వస్తువుకు ఇచ్చారో చూడండి, అడాప్టరుకు ఇచ్చింది పవర్ బ్యాంకుకు చెల్లదు. తర్వాత బ్రాండు, డబ్బా మీదున్న పేరే అక్కడా ఉండాలి. ఒక అక్షరం తేడా ఉన్నా సరే అనుమానించాలి, పెద్ద బ్రాండు పేరును కాస్త మార్చి కొట్టే ఫస్ట్ కాపీ మాల్ దగ్గర ఆ అక్షరంలోనే కథంతా ఉంటుంది. ఆ తర్వాత ఫ్యాక్టరీ చిరునామా, ఎందుకంటే రిజిస్ట్రేషన్ ఇచ్చేది ఫలానా చిరునామాలో ఉన్న ఫ్యాక్టరీకి. ఒకే కంపెనీకి రెండు చోట్ల ఫ్యాక్టరీలుంటే రెండు నంబర్లు ఉండాలి. యాప్‌లో చైనా ఫ్యాక్టరీ చూపిస్తూ, డబ్బా మీద 'మేడ్ ఇన్ ఇండియా' అని ఉంటే ఏదో ఒకటి అబద్ధం. చివరగా నంబరు ఇంకా చెల్లుబాటులో ఉందో, రద్దయిందో. రిజిస్ట్రేషన్ మొదట రెండేళ్లకే ఇస్తారు, తర్వాత రెన్యువల్ చేయించుకోవాలి, చేయించనివాళ్లు కొల్లలు.

ఇవన్నీ కలిసినా మోడల్ సంగతి మిగిలి ఉంటుంది. కంపెనీ 10,000 ఎంఏహెచ్ (బ్యాటరీ కెపాసిటీ కొలత) మోడల్ టెస్టు చేయించి, అదే నంబరు వేసి టెస్టు చేయించని 20,000 మోడల్ అమ్మొచ్చు. అందుకే ఎక్కువ సరుకు తీసుకునేటప్పుడు రిజిస్ట్రేషన్ కాపీ అడగండి, ఏయే మోడళ్లకు వర్తిస్తుందో అందులో ఉంటుంది. సక్రమంగా వ్యాపారం చేసే డిస్ట్రిబ్యూటరు వాట్సాప్‌లో ఐదు నిమిషాల్లో పంపిస్తాడు. "రేపు పంపుతా బాబాయ్" అంటే ఆ రేపు ఎప్పటికీ రాదు.

స్మార్ట్ వాచీలు, ఫోన్లలాంటి స్క్రీన్ ఉన్న వస్తువుల్లో గుర్తు పైన లేకపోతే సెట్టింగ్స్‌లో రెగ్యులేటరీ వివరాల దగ్గర ఉండొచ్చు, దానికి అనుమతి ఉంది. ఫోన్ల విషయంలో ఇంకో మంచి నిబంధన కూడా ఉంది, ఐఎస్ 16333 (పార్ట్ 3) అని. మన దేశంలో అమ్మే ఏ ఫోన్లోనైనా, బటన్ల ఫోన్ అయినా సరే, తెలుగులో వచ్చిన మెసేజి చదవడానికి కనిపించాలి. మా నాన్న వాడే ఫోన్లో కరెంటు బిల్లు మెసేజి డబ్బాలు డబ్బాలుగా కాకుండా తెలుగులో వచ్చిందంటే అందులో ఈ నిబంధన చలవ కూడా ఉంది.

తూకం వేయండి, లెక్క కట్టండి

కాగితాలన్నీ సరిగా ఉన్నా సరుకును చేతిలోకి తీసుకుని చూడాలి. పవర్ బ్యాంకుల్లో పెద్ద మోసం కెపాసిటీ దగ్గరే. 20,000 ఎంఏహెచ్ అంటే 3.7 వోల్టుల సెల్లు మీద లెక్క, అంటే 74 వాట్-అవర్లు. ఇప్పుడు మార్కెట్లో ఉన్న లిథియం సెల్లులతో అంత శక్తి నింపాలంటే సెల్లుల బరువే 300 గ్రాముల చుట్టుపక్కల అవుతుంది, పైన డబ్బా, సర్క్యూటు వేరే. కాబట్టి 20,000 అని రాసున్న పవర్ బ్యాంకు 150 గ్రాములు తూగితే లోపల ఇసుక పోసినా ఇంతకంటే ఎక్కువే తూగుతుంది కదా అని నవ్వుకుని వెనక్కి ఇచ్చేయండి. (నిజంగానే బరువు కోసం ఇసుక పోసినవి కూడా ఉంటాయి. ఊపితే తెలుస్తుంది.) గుండ్రంగా పొడుగ్గా ఉండే 18650 సెల్లులో పట్టేది మంచి రకమైనా మామూలుగా 3,500 చుట్టుపక్కలే, దాని మీద 9,900 అని రాసుంటే ఇక మాట్లాడేదేముంది.

ఇందులోనే కస్టమర్లతో రోజూ వచ్చే పేచీ ఒకటుంది. "10,000 అన్నారు, నా 5,000 ఫోన్ రెండుసార్లు ఎక్కట్లేదు" అంటారు. అది మోసం కానక్కర్లేదు. 10,000 ఎంఏహెచ్ అంటే 37 వాట్-అవర్లు, బయటికి వచ్చేది 5 వోల్టుల్లో కాబట్టి 7,400 అవుతుంది, మార్చడంలో వేడిగా పోయేది తీసేస్తే ఆరు వేల పైచిలుకు మిగులుతుంది. డబ్బా మీద 'రేటెడ్ కెపాసిటీ' అని చిన్న అక్షరాల్లో రాసుండేది ఇదే. అది రాసిన కంపెనీ కాస్త నిజాయితీ ఉన్నదని నా లెక్క.

ఛార్జర్లో ఇన్‌పుట్ వోల్టేజి, అవుట్‌పుట్ వోల్టేజి, ఆంపియర్లు, మోడల్ నంబరు, ఒక చదరంలో ఇంకో చదరం ఉన్న గుర్తు చూడండి. ఆ రెండు చదరాలంటే ఎర్తు అక్కర్లేకుండా రెట్టింపు ఇన్సులేషన్ ఇచ్చారని. పాడైపోయిన ఛార్జర్లు విప్పి చూడటం నాకు అలవాటైపోయింది. మంచిదాంట్లో 230 వోల్టుల వైపుకు, ఫోన్ వైపుకు మధ్య బోర్డు మీద ఖాళీ జాగా స్పష్టంగా కనిపిస్తుంది, ఒక్కోసారి ఆ జాగాలో బోర్డును కోసి చీలిక కూడా పెడతారు. ఆ రెండు వైపుల మధ్య బోర్డు ఉపరితలం మీద దాదాపు 5 మిల్లీమీటర్ల దూరం ఉండాలని ప్రమాణం అడుగుతుంది, ల్యాబులో అక్కడ 3,000 వోల్టులు పెట్టి చూస్తారు. చవక రకంలో ఆ దూరం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు, ఫ్యూజు ఉండాల్సిన చోట ఉత్త తీగ ముక్క ఉంటుంది. కృష్ణా నది పక్కన బతికే మనకు వర్షాకాలంలో గాల్లో తేమ ఎంతో తెలిసిందే, ఆ మిల్లీమీటరు మీద దుమ్ము, తేమ చేరితే 230 వోల్టులు నేరుగా ఫోన్లోకి, ఫోన్ పట్టుకున్న చేతిలోకి. ప్లగ్గులో ఉన్న ఛార్జరును మాత్రం ఎప్పుడూ విప్పొద్దు, తీసేసిన వెంటనే కూడా వద్దు, లోపలి పెద్ద కెపాసిటర్లో కరెంటు కాసేపు నిలిచి ఉంటుంది.

ఛార్జింగ్‌లో ఉన్న ఫోన్ ఇనుప అంచు తాకితే చేతికి సన్నగా జివ్వుమంటుందని కొందరు వెనక్కి తెస్తారు. మంచి కంపెనీ ఛార్జర్లోనూ చెప్పుల్లేకుండా తడినేల మీద నిలబడితే కాస్త అలా అనిపించొచ్చు, ఇలాంటి వాటికి పావు మిల్లీ ఆంపియరు దాకా లీకేజీని ప్రమాణమే ఒప్పుకుంటుంది. కానీ చెయ్యి లాక్కునేలా కొడితే అది వేరే సంగతి, ఆ ఛార్జరు మళ్లీ ఎవరికీ అమ్మకండి.

బిల్లు, చట్టం

మాలో చాలామంది అనుకునేది, తయారుచేసినవాడిదీ తెప్పించినవాడిదీ తప్పవుతుంది గానీ చిల్లరగా అమ్ముకునేవాడికేంటి అని. 2016 బీఐఎస్ చట్టం అలా వదల్లేదు. తప్పనిసరి గుర్తు లేని వస్తువును తయారు చేయడం, దిగుమతి చేయడం, పంపిణీ చేయడం, అమ్మడంతో పాటు అమ్మకానికి నిల్వ ఉంచడం, షోకేసులో పెట్టడం కూడా అందులో ఉన్నాయి. శిక్ష రెండేళ్ల దాకా జైలు, లేదా మొదటిసారి 2 లక్షలకు, రెండోసారి నుంచి 5 లక్షలకు తగ్గని జరిమానా, లేదా రెండూ అని రాశారు, జరిమానా సరుకు విలువకు పది రెట్ల దాకా పోవచ్చు. బీఐఎస్ బ్రాంచి ఆఫీసు విజయవాడలోనే ఉంది.

ఇంకోటి 2019 వినియోగదారుల రక్షణ చట్టం. తయారీదారు ఎవరో తెలియకపోయినా, తెలిసినా నోటీసు అందించే వీలు లేకపోయినా, ఆ వస్తువు వల్ల జరిగిన నష్టానికి అమ్మినవాడే జవాబు చెప్పుకోవాల్సి రావచ్చు. అంటే కచ్చా చీటీ మీద, చిరునామా లేని డబ్బాలో సరుకు తెచ్చుకుంటే ఆ బ్యాటరీ ఎవరింట్లో పేలినా పేరు మనదే. జీఎస్టీ బిల్లు మీద బ్రాండు, మోడల్ రాయించుకోండి, ఉత్త 'యాక్సెసరీస్ - 40' అని రాస్తే ఒప్పుకోకండి. రెండు శాతం మిగులుతుందని బిల్లు వదులుకునే అలవాటు మన దగ్గర ఉంది, నాకూ ఉండేది.

డబ్బా మీద ఎమ్మార్పీ, తయారైన నెల, సంవత్సరం, తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, కస్టమర్ కేర్ వివరాలు, బయటి దేశం సరుకైతే ఏ దేశమో ఉండాలి. ఇది తూనికలు కొలతల శాఖ చూసే విషయం, బీఐఎస్‌కు సంబంధం లేదు. ఎమ్మార్పీ మీద ఇంకో స్టిక్కరు అంటించి రేటు పెంచిన డబ్బాలు అసలే వద్దు.

బిగించి అమ్మేవాళ్లకు, తెప్పించేవాళ్లకు

ఢిల్లీ నుంచి బోర్డులు, డ్రైవర్లు, క్యాపులు తెప్పించి ఇక్కడ బల్బులు బిగించి సొంత పేరుతో అమ్మేవాళ్లు గుంటూరు, విజయవాడ రెండు ఊళ్లలోనూ ఉన్నారు. డ్రైవరుకు ఆర్ నంబరు ఉంది కదా అంటే బల్బుకు కుదరదు. బల్బు తయారీదారు మీరు, మీ షెడ్డు చిరునామా మీద మీ పేరుతో ఐఎస్ 16102 కింద రిజిస్ట్రేషన్ కావాలి. ముందు బ్రాండు పేరు మీదేనని చూపించే కాగితం (ట్రేడ్‌మార్కు, లేదా దాని యజమాని ఇచ్చిన అనుమతి పత్రం) సిద్ధం చేసుకోండి, తర్వాత బీఐఎస్ గుర్తించిన ల్యాబుకు శాంపిళ్లు పంపండి. రిపోర్టు వచ్చాక 90 రోజుల్లోపు ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాలి. రిపోర్టు వచ్చేసింది కదా అని పెళ్లిళ్ల సీజను అయ్యాక చూద్దామనుకుంటే గడువు దాటి మళ్లీ టెస్టు డబ్బులు కట్టాల్సి వస్తుంది.

ల్యాబుకు పంపేముందు ఇంట్లోనే చూసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. క్యాపు పట్టుకుని మెలి తిప్పితే ఊడకూడదు, బి22 క్యాపుకు (పక్కన రెండు పిన్నులుండే మామూలు క్యాపు) 3 న్యూటన్-మీటర్ల మెలితిప్పు తట్టుకోవాలి. బాడీ అల్యూమినియం అయి డ్రైవరు ఐసొలేషన్ లేని (230 వోల్టుల వైపును ఎల్ఈడీ వైపు నుంచి విడదీయని) చవక రకమైతే, చెయ్యి తగిలే ప్రతి చోటా ఇన్సులేషన్ సరిగా ఉందో లేదో ఒకటికి రెండుసార్లు చూడండి. ల్యాబులో బల్బును 48 గంటలు తేమ గదిలో పెట్టి ఆ తర్వాతే ఇన్సులేషన్ కొలుస్తారు, బయట పొడిగా ఉన్నప్పుడు బాగున్నవి అక్కడ బోల్తా పడతాయి.

చైనా నుంచి నేరుగా తెప్పించుకోవాలనుకునేవాళ్లు ముందు తెలుసుకోవాల్సింది, దిగుమతిదారు తన పేరు మీద ఆర్ నంబరు తీసుకోలేడు. అది అక్కడి ఫ్యాక్టరీకే ఇస్తారు, ఆ ఫ్యాక్టరీ తరఫున ఇక్కడ ఒక అధీకృత ప్రతినిధి ఉండాలి. బ్లూటూత్, వైఫై ఉన్న వస్తువైతే టెలికాం శాఖ వైర్‌లెస్ విభాగం ఇచ్చే ఈటీఏ అనే అనుమతి కూడా కావాలి, సరళ్ సంచార్ పోర్టల్లో స్వీయ ప్రకటనతో వస్తుంది. సీసీ కెమెరాలకు 2024 ఏప్రిల్ నోటిఫికేషన్‌తో కరెంటు భద్రతకు తోడు డేటా భద్రత టెస్టులు కూడా వచ్చాయి, పాత స్టాకు చవగ్గా ఇస్తామనేవాళ్లు ఎందుకు ఇస్తున్నారో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు. ఇక ఎలక్ట్రానిక్స్ తయారీదారులూ దిగుమతిదారులూ 2022 ఈ-వేస్ట్ నిబంధనల కింద కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్లో నమోదు కావాలి, మాలాంటి చిల్లర షాపులకు ఆ బాధ లేదు. రిజిస్ట్రేషన్ లేకుండా సరుకు పోర్టుకు చేరితే తిప్పి పంపడమో, పనికిరాకుండా చేసి తుక్కు కింద తీసేయడమో చేస్తారు. డబ్బు కట్టాక నంబరు సంగతి చూద్దామనుకోవద్దు.

ఆ నలభైలో అప్పటికి ఏడు అమ్ముడుపోయాయి. మిగతా ముప్పై మూడూ వెనక్కి తీసుకెళ్తే హోల్‌సేలరు, "అందరూ అమ్ముతున్నారు బాబాయ్, నీ ఒక్కడికే ఎందుకీ నంబర్ల గోల" అన్నాడు. బిల్లు చూపించి, బీఐఎస్ కేర్‌లోనే ఫిర్యాదు చేసే చోటుందని ఆ పేజీ తెరిచి పెట్టాక డబ్బులిచ్చాడు, రవాణా ఖర్చు మాత్రం నాదే. ఆ మాట అనడంతో ఆపకుండా ఫిర్యాదు అప్పుడే పెట్టి ఉండాల్సింది, పెట్టలేదు. మామూలు కొనుగోలుదారులైతే 1915కు ఫోన్ చేసినా వినియోగదారుల హెల్ప్‌లైన్ వాళ్లు తీసుకుంటారు. అమ్మిన ఏడింట్లో ఫోన్ పే వివరాలను బట్టి ఐదుగుర్ని పట్టుకుని వెనక్కి తెప్పించాను. అందులో ఒకటి అప్పటికే ఉబ్బింది, ఆయన బండి డిక్కీలో పెట్టి ఎండలో వదిలేస్తున్నారట. లిథియం సెల్లులను మామూలుగా 45 డిగ్రీలు దాటితే ఛార్జ్ చేయకూడదు, మన మేలో మూసిన డిక్కీ లోపల దాన్ని మించే ఉంటుంది. ఉబ్బినదాన్ని పొడవడం, నొక్కడం, చెత్తబుట్టలో వేయడం వద్దు. మట్టిదో ఇనుముదో ఏదైనా పాత్రలో ఇసుక మధ్య పెట్టి, కాలే వస్తువులకు దూరంగా ఉంచి, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇచ్చేయండి. నేను దాన్ని షాపు వెనక పాత పూలకుండీలో పెట్టాను, ఇచ్చేదాకా రోజూ పొద్దున షట్టరు ఎత్తగానే ముందు దాన్నే చూసేవాణ్ణి.